అయిదో గడి

ఆరూ నలభై పంటు తప్పితే ఏడూ ఇరవై పంటు.
తప్పకూడదు.
ఎనిమిదిన్నరకల్లా గుడ్లు లెక్కపెట్టాలి,
మరుగుదొడ్ల ఫొటోలు ఎక్కించాలి,
సిగ్నల్ కోసం మేడమెట్లలో మూడోదాని మీదే నిలబడాలి.
ఆ మెట్టుకి పిల్లలు టవరు అని పేరు పెట్టారు.

నర్సాపురం రేవులో స్కూటీ పంటెక్కించి
దాని సీటు మీదే కాగితాలు పరుచుకుంటాను.
సఖినేటిపల్లి ఒడ్డు వచ్చేలోగా రెండు పేజీలు,
గోదారి పోటు మీదుంటే రెండున్నర.
నా సాహిత్య సమీక్షంతా రేవుకీ రేవుకీ మధ్య చదివిందే.
మార్జిన్లలో డీజిలు మరకలు.

టికెట్లు కోసే వీర్రాఘవులు అడిగాడోసారి:
"యాభయ్యో పడిలో ఇంకా పరీక్షలేంటి మేడంగారూ?"
పరీక్ష కాదయ్యా, పరిశోధన.
"ఏం పోయిందండీ, వెతకడానికి?"
పంటంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ ప్రశ్న మాత్రం స్కూటీ దిగలేదు.

రాత్రి పదిన్నర దాటాకే నా విశ్వవిద్యాలయం తెరుస్తారు.
గిన్నెలు బోర్లించి, బల్ల తుడిచి,
ఆ తడి ఆరకముందే లాప్‌టాప్.
కిటికీ అవతల రొయ్యల చెరువుల్లో
ఏరేటర్లు తెల్లవార్లూ నీళ్లు చిలుకుతుంటాయి.
అవి ఆగితే రొయ్య చస్తుంది,
నేనాగితే మూడో అధ్యాయం.
గైడుగారి మెయిల్లో ఎప్పుడూ ఒకటే మాట:
"బాగుందమ్మా, ఇంకా లోతుకి వెళ్లండి."
లోతు సంగతి నాకు చెబుతారు,
విశాఖలో కొండ మీద కూర్చుని.

అంశం: లంక గ్రామాల బడుల్లో నాయకత్వం.
పద్దెనిమిది బడులు, నూట నలభై మంది టీచర్లు,
ముప్పై రెండు ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు గడులు,
పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి
అస్సలు ఒప్పుకోను దాకా.
పేరు రాయనక్కర్లేదు.
ఆ నియమం నేనే రాశాను, లావుపాటి అక్షరాల్లో.

నిన్న మా బడి కట్ట విప్పాను.
పదకొండో ప్రశ్న:
మా ప్రధానోపాధ్యాయురాలు నిర్ణయానికి ముందు మా మాట వింటారు.
ఒక కాగితంలో అయిదో గడిలో టిక్కు.
తోక పైకి లాగి, చివర చిన్న మెలిక.
ఆ మెలిక నాకు తెలుసు.
ఆరేళ్లుగా హాజరుపట్టీలో
తొమ్మిదింటికి రెండు నిమిషాల ముందు పడే మెలిక.
సుభాషిణి టీచరు, హిందీ.
ప్రతి సమావేశంలో "మీ ఇష్టం మేడం" అనే మనిషి.
ఆ మాటని నేను ఆరేళ్లు ఒప్పుకోలు అనుకున్నాను.

మొదట కోపమే వచ్చింది, దాచను.
వరదలో పడవ మీద వచ్చి
రికార్డులు మేడెక్కించిందెవరు?
తర్వాత మిగతాది గుర్తొచ్చింది.
పై గదుల తాళంచెవి నా బ్యాగులో, ఈ ఒడ్డున ఉండిపోతే
వంట చేసే కాసులమ్మ గొళ్లెం విరగ్గొట్టింది.
అరవై కుటుంబాలు పైన పడుకున్నాయి.
నీళ్లు తీశాక నేను చేసిన మొదటి పని
గొళ్లేనికి బాధ్యులెవరంటూ మెమో రాయడం.
కాసులమ్మకి చదువు రాదు కదా,
చదివి వినిపించమన్నది సుభాషిణి టీచర్నే.

పట్టికలో ఆ గడి విలువ ఒకటి.
ఎక్కించాను.
నూట నలభైలో ఒక్కటి, సగటు కదలదు.
చెయ్యి ఎవరిదో నాకు తెలిసిన సంగతి
ఏ అధ్యాయం కిందికి వస్తుందో తెలీక వదిలేశాను.

ఈ ఉదయం గోదారి పాటు మీదుంది.
రేవులో మోకాలి బురద, పంటు ఆలస్యం.
కాగితాలు బయటికి తీయలేదు.
వీర్రాఘవులు చూడనే చూశాడు:
"దొరికిందాండీ?"
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

సాయంత్రం స్టాఫు మీటింగు.
పరీక్షల డ్యూటీ చార్టు బ్యాగులో ఉంది,
ఎప్పట్లాగే నేనే వేసేశాను, పెన్నుతో.
అవతల దిగాక కొట్లో ఒక తెల్లచార్టు కొన్నాను.
తొమ్మిదింటికి రెండు నిమిషాల ముందు
దాన్ని ఆమె చేతికి ఏ ముఖం పెట్టుకుని ఇవ్వాలో
నేను చదివిన నూట పన్నెండు వ్యాసాల్లో
ఒక్కరూ రాయలేదు.